కాలు ఆగినా ముక్కు ఆగదు



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు కుక్క లేని ఊరుండదు. శనక్కాయ చేను కాడ ఒకటి, మల్బరీ తోట గట్టు మీద ఒకటి, గొర్రెల మంద వెనకాల ఒకటి, బస్టాండులో టీ అంగడి ముందర ఒకటి. చేని కుక్కకు రోజంతా తిరుగుడే. టౌనులో సంగతి వేరు. థర్టీ ఫార్టీ సైట్లలో లేచిన ఇళ్లల్లోకి లాబ్రడార్లు, పొమేరేనియన్లు, జర్మన్ షెపర్డులు వచ్చాయి. వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్లను తెచ్చుకొని ప్రాణంగా పెంచుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ఇంటి కుక్కలకు పొద్దున ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు. బయటి ప్రపంచమంటే అంతే. ఆ రెండు చుట్లూ ఆగిపోయే రోజులు కొన్ని వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న కుక్కకు పొద్దెలా పుచ్చాలి, దాని మనసు చెడకుండా మనమేం చేయాలి అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగానే హైదరాబాదు వైపు పోతుంది. రోడ్డు దాటబోయి బండి తగిలిన కుక్కలను మనం చూస్తూనే ఉంటాం. బతికి బయటపడి, కాలికి కట్టుతో ఇల్లు చేరిన కుక్కకు ఎముక అతకడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. అన్నాళ్లూ పరుగు వద్దు, ఎగురుడు వద్దు, మెట్లు ఎక్కనీయొద్దు అంటారు డాక్టరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినా 10 నుంచి 14 రోజులు అదే మాట. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ముసురు పట్టిందంటే వీధిలో నడక సాగదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు తారు రోడ్డు కుక్క పాదాలను కాలుస్తుంది. దీపావళికి టపాకాయల చప్పుడుకు బెదిరి, గొలుసు తెంపుకొని పారిపోయే కుక్కలుంటాయి. కొండల పక్క ఊళ్లల్లో చీకటి పడితే చిరుత భయం. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడైతే మనుషులతో పాటు ఇంటి కుక్కలూ నాలుగు గోడల మధ్య ఉండిపోయాయి.

అలాంటప్పుడు చాలా ఇళ్లల్లో కుక్కను మెట్ల కింద గొలుసుతో కట్టేస్తారు. పక్కన గిన్నెలో నీళ్లు, రెండు పూటలా రాగిముద్ద. అన్నీ అమర్చాం కదా అనుకుంటాం. మొదటి ఒకటి రెండు రోజులు కుక్క పడుకునే ఉంటుంది. ఆ తర్వాత గమనించండి. ముందు కాలిని అదే పనిగా నాకుతూ ఉంటుంది. కొన్నాళ్లకు అక్కడి తెల్ల వెంట్రుకలు ఎంగిలికి నాని తుప్పు రంగుకు తిరుగుతాయి. గేటు చప్పుడైతే చాలు, వచ్చింది ఇంటివాళ్లా బయటివాళ్లా అని చూడకుండా మొరుగుతుంది. చెప్పులు కొరుకుతుంది, కట్టు పీకుతుంది, తన తోకనే తరుముకుంటుంది. ఇంకొన్ని కుక్కలు ఇవేవీ చేయవు. గోడ వైపు తిరిగి పడుకొని, పేరు పెట్టి పిలిచినా తలెత్తవు. మొదటి రకాన్ని తిడతాం. రెండో రకాన్ని బుద్ధిగా ఉందని మెచ్చుకుంటాం. నిజానికి రెంటిదీ ఒకే బాధ. చేయడానికి పనేమీ లేని బాధ.

మనిషి కుక్కను చేరదీసింది చాలావరకు పని కోసమే. మన కర్ణాటకలోనే దానికి రాతి మీద సాక్ష్యం ఉంది. మండ్య జిల్లా ఆతకూరులో ఒక శాసనం దొరికింది. అది క్రీ.శ. 949-50 నాటిది. గంగవంశపు రాజు రెండో బూతుగుడు తన దగ్గరి వీరుడు మణలేరుడికి కాళి అనే వేటకుక్కను ఇచ్చాడు. ఆ కుక్క అడవిపందితో తలపడింది. పోరులో పందీ చచ్చింది, కాళీ చచ్చింది. దాని పేరున రాయి నిలబెట్టి, పూజకు భూమి కూడా రాసిచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. బాగల్‌కోటె జిల్లా ముధోళ్ వేటకుక్క బొమ్మతో 2005లో తపాలా బిళ్ల వచ్చింది. మన చేన్లల్లోని నాటు కుక్కకు శాసనం లేదు, తపాలా బిళ్ల లేదు. అయినా పంట మీదికి పంది రాకుండా, మంద మీదికి తోడేలు రాకుండా తరతరాలుగా కాచింది అదే. వెతకడం, పసిగట్టడం, కాపు కాయడం దాని రక్తంలోనే ఉన్నాయి. కాలు విరిగినంత మాత్రాన ఆ గుణం ఎక్కడికీ పోదు.

ఇక్కడే మనకు దారి దొరుకుతుంది. కుక్క ప్రపంచాన్ని తెలుసుకునేది ముఖ్యంగా ముక్కుతో. వాసన పట్టే గ్రాహకాలు మనిషి ముక్కులో 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో 30 కోట్ల దాకా ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. అది గాలిని ముందు నుంచి పీల్చి, ముక్కుకు రెండు పక్కలా ఉన్న చీలికల్లోంచి వదులుతుంది. అందువల్ల వదిలే గాలి కొత్త వాసనకు అడ్డుపడదు. కుక్కను కాసేపు శ్రద్ధగా వాసన చూడనిస్తే అది అలిసిపోయి హాయిగా నిద్రపోవడం పెంచేవాళ్లందరికీ అనుభవమే. కాలికి విశ్రాంతి ఇవ్వమన్నారు డాక్టరు. ముక్కుకు విశ్రాంతి ఇవ్వమని ఎవరూ అనలేదు.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. షార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో 20 పెంపుడు కుక్కల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. కొన్నిటి చేత రెండు వారాలు వాసన పట్టి తిండి వెతికే ఆట ఆడించారు. మిగతావాటికి అదే రెండు వారాలు యజమాని పక్కనే నడవడం నేర్పించారు. ముందూ వెనకా ఒక చిన్న పరీక్ష పెట్టారు. గిన్నె ఒక చోట పెడితే అందులో తిండి ఉంటుంది, ఇంకో చోట పెడితే ఉండదు. కుక్కకు అది అలవాటయ్యాక రెంటికీ మధ్యలో గిన్నె పెట్టారు. ఉంటుందో లేదో తెలియని ఆ గిన్నె దగ్గరికి కుక్క ఎంత వేగంగా పోతుందో చూశారు. వాసన ఆట ఆడిన కుక్కలు మునుపటికన్నా త్వరగా పోయాయి. పక్కన నడిచిన కుక్కల్లో ఆ మార్పు కనబడలేదు. అంటే ముక్కుతో వెతికి సంపాదించుకున్న కుక్కకు మంచి జరుగుతుందన్న ఆశ పెరిగింది. కట్టుతో మూలన పడుకున్న కుక్కకు కావాల్సిందీ ఆ ఆశే.

ఇక ఇంట్లో చేయాల్సినవి చెబుతాను. వీటికి డబ్బు ఖర్చు లేదు.

మొదటిది గోనెసంచి ఆట. పాత గోనెసంచి ఒకటి తీసుకోండి. ఎరువులో, మందు కలిపిన విత్తనాలో మోసిన సంచి పనికిరాదు. రాగులో, శనక్కాయలో పోసిన సంచి మేలు. ఉతికి ఎండబెట్టండి. రాగిముద్ద చల్లారాక శనగగింజంత ఉండలు చేసి కాసేపు ఆరనివ్వండి. సంచిని నేల మీద పరిచి, కుక్క చూస్తుండగా నాలుగైదు ఉండలు దాని మీద వేసి ఒక్క మడత పెట్టండి. కుక్క మొదట సంచిని చూడదు, మీ చేతినే చూస్తుంది. చేతులు వెనక్కి పెట్టుకొని ఊరికే ఉండండి. కాసేపటికి తల వంచి ముక్కు సంచికి ఆనిస్తుంది. ఊపిరి గబగబా తీసుకుంటున్న చప్పుడు మీకే వినబడుతుంది. ముక్కుతో మడత తోసి మొదటి ఉండ తీసుకుంటుంది. ఆ క్షణం నుంచి దాని చెవులు, తోక, కళ్లు అన్నీ మారిపోతాయి. మర్నాడు రెండు మడతలు పెట్టండి. తర్వాత చాపలా చుట్టండి. ఆ తర్వాత లోపల గుడ్డపీలికలు వేసి వాటి మధ్య దాచండి. పడుకున్న చోటు నుంచి లేవకుండా, కాలికి బరువు పడకుండా ఆడగలిగిన ఆట ఇది. కుక్క సంచినే నమిలి మింగబోతే మాత్రం వెంటనే తీసేయండి. ఆట ఆడినంతసేపూ పక్కన ఒక మనిషి ఉండాలి.

రెండోది గ్లాసుల ఆట. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద క్యారెట్ ముక్క పెట్టండి. ఏది అని అడగండి. ముక్కుతో తాకిన గ్లాసును ఎత్తండి. మన వైపు క్యారెట్‌కు కొరత లేదు. పచ్చి క్యారెట్ కుక్కకు మంచి నములుడు, ఒళ్లు పెంచదు. ఒకే చోట కట్టి ఉంచిన కుక్కకు తిండి ఎక్కువైతే బరువెక్కుతుంది, ఆ బరువు మానుతున్న కాలి మీద పడుతుంది. అందుకే ఆటలో పెట్టేదంతా రోజూ పెట్టే తిండిలోంచే తీయాలి. గిన్నెలో అంతా ఒకేసారి వేయడం ఆపి, సగం గిన్నెలో, సగం ఆటలో పెడితే సరిపోతుంది.

మూడోది బయటి వాసనను ఇంట్లోకి తేవడం. వీధిలోకి పోలేని కుక్క దగ్గరికి వీధే రావాలి. ఒక అట్టపెట్టెలో ఎండుటాకులు, పిడికెడు గడ్డి, గొర్రెల దొడ్డి కాడి పుల్ల, ఊరికి పోయొచ్చినవాళ్ల తుండుగుడ్డ వేసి ముందర పెట్టండి. ఒక్కో దాన్ని అది ఎంతసేపు పరీక్షిస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. మందు కొట్టిన టమాటా చేనులోంచో ద్రాక్షతోటలోంచో మాత్రం ఆకు తేవద్దు.

నాలుగోది నాకుడు. పళ్లెం అడుగున పలచగా పెరుగు గానీ ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు గానీ పూసి పెట్టండి. నాకడం కుక్కను శాంతపరుస్తుంది. దీపావళి రాత్రి కిటికీలు మూసి, పరదాలు దించి, లోపలి గదిలో ఇలాంటి పళ్లెం ఒకటి ముందర పెడితే కొంత నిబ్బరం వస్తుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చిక్కబళ్లాపురం ద్రాక్షకు పేరుపడ్డ నేల. బెంగళూరు బ్లూ ద్రాక్ష మన తోటల్లోనే పండుతుంది. ఆ ద్రాక్ష కుక్కకు విషం. ఎండుద్రాక్షా అంతే. కొద్దిగా తిన్నా కొన్ని కుక్కల మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా రక్తాన్ని పాడుచేస్తాయి. అందుకే ముద్దలోకి మనం తినే సారు పోయొద్దు. చాక్లెట్ వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ ప్రాణాంతకం. కోడి ఎముక ఉడికితే సూదుల్లా చీలుతుంది. మొక్కజొన్న గింజలు తీసేసిన బెండును కుక్క మింగితే పేగులో అడ్డం పడుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. ఆడుకుంటుందిలే అని వీటిలో ఏదీ ముందర పడేయకండి.

పట్టుపురుగులు పెంచే ఇళ్లవాళ్లకు ఇంకొక మాట. కుక్కకు గోమార్లు పట్టకుండా కొట్టే మందులు చాలావరకు పురుగుమందులే. ఆ మందు వాసన తగిలినా పట్టుపురుగులకు ప్రమాదం. మందు రాసిన కుక్కను పురుగులు పెంచే మనె వైపు పోనీయొద్దు. మనెలో వాడే సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఫార్మలిన్ కుక్కకు హాని. వాన రోజుల్లో ఎక్కడో ఒక చోట ఉంటుందిలే అని దాన్ని మనెలో కట్టేయడం రెండు వైపులా నష్టం.

ఇక నేర్పే పని. కట్టు ఉన్న కుక్కకు పరుగు లేకుండా నేర్పగలిగినవి చాలా ఉన్నాయి. మీ అరచేతిని ముక్కుతో తాకడం, కాలు చేతికివ్వడం, పక్కకు ఒరిగి పడుకొని డాక్టరు చూడనివ్వడం, నోరు తెరిచి మాత్ర వేయనివ్వడం. ఒక్కసారికి ఐదు నిమిషాలు చాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. తిట్టు వద్దు, దెబ్బ అసలే వద్దు. సరిగ్గా చేసినప్పుడు ఒక ముక్క, ఒక మంచి మాట. రేపు కుట్లు తీసేటప్పుడు, కట్టు మార్చేటప్పుడు ఈ చదువే పనికొస్తుంది.

మన ఇళ్లల్లో అవ్వ తెలుగులో పిలుస్తుంది, బడికి పోయే పిల్లలు కన్నడలో మాట్లాడతారు, టీవీ చూసి ఇంగ్లీషు మాట ఒకటి కలుపుతారు. కుక్కకు అది తెలియదని అనుకోవద్దు. హంగరీలోని బుడాపెస్ట్‌లో 18 కుక్కల మెదళ్లను స్కాన్ చేస్తూ ఒక పిల్లల కథను రెండు భాషల్లో వినిపించారు. ఇంట్లో వినే భాషకు ఒక తీరుగా, ఎరగని భాషకు ఇంకో తీరుగా వాటి మెదడు స్పందించింది. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. భాష ఏదైనా ఫర్వాలేదు. ఒక పనికి ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. నేర్పేటప్పుడు ముగ్గురు మూడు మాటలు వాడితే కుక్క తికమకపడి, నేర్చుకోవడమే మానేస్తుంది.

చప్పుడు విషయంలోనూ శ్రద్ధ కావాలి. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో, దిక్కులేని కుక్కలను ఉంచే చోట రకరకాల ధ్వనులు వినిపించి చూశారు. 2002లో ప్రచురించిన ఆ అధ్యయనంలో శాస్త్రీయ సంగీతం విన్నప్పుడు కుక్కలు ఎక్కువసేపు ప్రశాంతంగా పడుకున్నాయి. హోరెత్తే హెవీ మెటల్ సంగీతానికి మొరుగుడు పెరిగింది. వాళ్లు వినిపించింది పాశ్చాత్య సంగీతం. మన ఇళ్లల్లో మెల్లగా వీణో వేణువో పెట్టి చూడండి, మీ కుక్క దేనికి కుదురుకుంటుందో మీరే గమనించండి.

ఇంట్లో చోటు గురించి రెండు మాటలు. మన కొత్త ఇళ్లల్లో నేలంతా గ్రానైటు, టైల్సు. కట్టు ఉన్న కుక్క దాని మీద జారిందంటే అతుకుతున్న ఎముక మళ్లీ కదులుతుంది. నడిచే దారిలో గోనెపట్టాలో కొబ్బరిపీచు చాపలో పరవండి. మెట్ల కిందకన్నా మనుషులు తిరిగే చోట, గాలి వెలుతురు తగిలే మూల మేలు. కిటికీలోంచి వీధి కనబడితే కొన్ని కుక్కలకు అదే కాలక్షేపం. వచ్చేపోయేవాళ్లను చూసి అదే పనిగా మొరిగేదైతే సగం పరదా వేయండి. ఒంటికీ రెంటికీ తీసుకుపోవాల్సినప్పుడు పొట్టి బెల్టుతో, మెల్లగా, అవసరమైనంత దూరమే.

పిల్లలు ఈ ఆటల్లో మంచి జతగాళ్లు. కానీ నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవొచ్చు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలను ఆడనీయొద్దు, తింటున్నప్పుడు దాని మీద చేయి వేయనీయొద్దు. రేబిస్ టీకా ఏటా తప్పకుండా వేయించాలి. ఏ కుక్క కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి పోవాలి.

విసుగుకూ జబ్బుకూ తేడా కూడా తెలియాలి. ఆట మొదలుపెట్టగానే కళ్లు వెలిగితే అది విసుగే. ఇష్టమైన తిండి చూపినా ముఖం తిప్పుకుంటే, వణికితే, కుట్ల దగ్గర వాపు గానీ చీము గానీ కనబడితే, కట్టు కింద వేళ్లు చల్లబడితే, ఆటలు పక్కన పెట్టి వెంటనే పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. పైన చెప్పినవి ఏవైనా మొదలుపెట్టే ముందు కూడా మీ డాక్టరును ఒక మాట అడగండి. ఏ కుక్కకు ఎంత కదలిక అన్నది వైద్యుడే చెప్పాలి.

చివరగా చట్టం మాట. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం మన దేశంలో 1960లో వచ్చింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఈ విషయం మీద బిల్లు తెచ్చి పట్టుబట్టిన తర్వాత వచ్చిన చట్టం అది. దాని 11వ సెక్షన్‌లో కుక్క పేరెత్తి ఒక మాట రాశారు. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు, ఇరుకులో మూసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం యజమాని చేసిన నేరం. కుక్కను మరీ పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడమూ నేరమే. డాక్టరు చెప్పిన వారాలు గడిచాక కూడా అలవాటుపడిపోయి కుక్కను మెట్ల కిందే ఉంచేసేవాళ్లు ఈ సెక్షన్‌ను గుర్తుపెట్టుకోవాలి. విశ్రాంతి గడువు తీరగానే, డాక్టరు సరేనన్న రోజు నుంచే దాని నడక దానికి ఇచ్చేయాలి.

మీ ఇంట్లో కట్టుతోనో కుట్లతోనో పడుకున్న కుక్క ఉంటే, ఈ రాత్రి దాని తిండిలో సగం తీసి పక్కన పెట్టండి. ఒక పాత గోనెసంచి వెతకండి. పది నిమిషాలు దాని పక్కన నేల మీద కూర్చోండి. మన ఇంటిని కాచే ప్రాణికి కష్టకాలంలో అంతమాత్రం చేయడం మన బాధ్యత.